మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా కొన్న గోలీలు రోజూ వేసుకోవచ్చా?

మీ అమ్మగారికి అరవై ఏండ్లు దగ్గరపడుతున్నాయని, బీపీ ఉందని, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే గోలీలను రెండేండ్లుగా రోజూ వేసుకుంటున్నారని, అవి మామూలు నొప్పి గోలీలే కాబట్టి పరవాలేదా అని అడిగారు. ఆ ‘మామూలు’ అనే మాట దగ్గరే నాకు పేచీ. నేను డాక్టరును కాను. చండూరు వైపు ఒక ఊళ్లో పుట్టి నల్లగొండలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. కానీ మా నాయన ఆ మామూలు గోలీలతోనే ఆసుపత్రి పాలయ్యాడు కాబట్టి, ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మూడేండ్ల కింద ఎండాకాలంలో బోరు ఎత్తిపోతే, ట్యాంకరు తెప్పించి చెట్టు చెట్టుకూ పైపు పట్టి తడుపుతూ, మా నాయన తాను నీళ్లు తాగే సంగతి మరిచిపోయాడు. పొద్దున సద్ది తిని ఒక గోలీ, మాపటికి ఇంకొకటి వేసుకునేవాడు. ఎందుకు నాయనా అంటే, ‘‘ఇదేస్కుంటెనే కాలు లేస్తది బిడ్డా’’ అనేవాడు. ఒకనాటి రాత్రి అమ్మ ఫోన్ చేసి, కాళ్లు పొంగినయని, మొఖం ఉబ్బిందని, పొద్దటి నుంచి ఒక్కసారే ఒంటికి పోయిండని చెప్పింది. తెల్లవారి నల్లగొండలో రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీల పని మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 3.1కు ఎక్కి ఉంది.

ఏమేం గోలీలు వాడుతున్నారని డాక్టరు అడిగితే, మా నాయన అంగీ జేబులోంచి దస్తీ తీసి మంచం మీద విప్పాడు. అందులో పూర్తి షీటు ఒక్కటీ లేదు. అన్నీ కత్తెరతో నాలుగేసి గోలీల చొప్పున కోసిన ముక్కలే. ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన ముక్క మీద పేరులో చివరి అక్షరాలు ‘ఫెనాక్’ అని మిగిలాయి. టౌనులో మెడికల్ షాపులో కొన్న ముక్క మీద కూడా ‘ఫెనాక్’ అనే ఉంది. మొదటిది డైక్లోఫెనాక్, రెండోది పారాసిటమాల్ కలిసిన అసిక్లోఫెనాక్. రెండూ ఒకే జాతి మందులు. ఒకటి వేసుకుంటున్నప్పుడు రెండోది వేసుకోకూడదు. రంగులు వేరు, ఇచ్చిన చేతులు వేరు కాబట్టి ఆయన దృష్టిలో అవి వేర్వేరు రోగాలకు మందులు. వీటికి తోడు కిరాణా కొట్టులో కొన్న పారాసిటమాల్ 650 రోజుకు మూడు. ఆ రెండో ఫెనాక్ గోలీలో ఉన్నదాన్ని కూడా కలిపి లెక్కేస్తే రోజుకు పారాసిటమాల్ 2,600 మిల్లీగ్రాములు అయింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు చెప్పే 4,000 హద్దుకు అది లోపలే ఉంది. కొంప ముంచింది ఆ ఫెనాక్‌ల జంట.

ఆ డాక్టరు చెప్పినది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం తెచ్చే నాళాలు ముడుచుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కాపాడతాయి. మోకాలిలో నొప్పికీ వాపుకూ కారణమయ్యేవి కూడా అవే కాబట్టి, వాటి తయారీని ఆపే గోలీ కాలికి హాయినిస్తూనే కిడ్నీకి రక్తాన్ని తగ్గిస్తుంది. పైగా మా నాయన వేసుకునే బీపీ గోలీ టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయే మందు కలిసినది. ఎండ, ఆ గోలీ, నొప్పి గోలీ మూడూ ఒకేసారి కిడ్నీల మీద పడ్డాయి. గ్యాస్ గోలీ కూడా ఇస్తున్నారు కదా అని మా బావ అడిగాడు. గ్యాస్ గోలీ కడుపులో పుండు పడకుండా కొంత కాపాడుతుంది గానీ కిడ్నీని కాపాడదు.

ఇక్కడ నా కడుపుమంట కొంత చెప్పుకోనివ్వండి. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, అంటే చట్టప్రకారం చీటీ చూసే అమ్మాలి. చీటీ సంగతి దేవుడెరుగు, కనీసం పేరూ తేదీ ఉన్న ముక్క కొన్నవాడి చేతికి రావాలి కదా? గడువు తేదీ షీటుకు ఒక కొసనే ఉంటుంది, ఆ కొస ఎప్పుడూ షాపువాడి డబ్బాలోనే మిగిలిపోతుంది. పశువులకు వాడిన ఇదే డైక్లోఫెనాక్ కళేబరాలను తిన్న రాబందుల కిడ్నీలను చెడగొట్టి వాటి జాతినే దాదాపు ఊడ్చిపెట్టిందని తేలాక, 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, నిజమే. కానీ మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడు నీళ్లు తాగిన తరానికి కీళ్ల నొప్పులు ఎలాగూ ఉన్నాయి, ఆ ఫ్లోరైడు ఒంట్లోంచి బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీల గుండానే. నన్నడిగితే ఈ గోలీలను పొట్లాలు కట్టి పంచకూడని జిల్లా ఏదైనా ఉంటే అది మాదే.

మా నాయనకు గోలీలు ఆపి, సెలైన్ పెట్టాక ఆరు వారాలకు క్రియాటినిన్ 1.3కు దిగింది. ఇప్పుడు నొప్పి ఎక్కువైన రోజున మాత్రమే పారాసిటమాల్ 500, ఆరు గంటల ఎడంతో, డాక్టరు చెప్పిన లెక్క దాటకుండా వేసుకుంటున్నాడు. కల్లు తాగిన రోజున వద్దని అమ్మ డబ్బా దాచిపెడుతుంది. మోకాలికి రాసే జెల్లు కూడా వాడుతున్నాడు, దాని మందు రక్తంలోకి పోయేది చాలా తక్కువట.

మీ అమ్మగారి పొట్లం ఇయ్యాలే విప్పి చూడండి. ప్రతి ముక్క మీద మిగిలిన అక్షరాలను కాగితం మీద రాసి, బీపీ గోలీల చీటీతో కలిపి డాక్టరుకు చూపించి, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. బీపీ గోలీలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, తారులా నల్లటి విరేచనం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ దస్తీ మూటను కూడా మరవకుండా వెంట పట్టుకుపోండి.