డీసీసీ సిగ్నల్ చూడ్డానికి ఆసిలోస్కోప్ కొనాలా?

డీసీసీ అంటే మోడల్ రైలింజన్‌కి పట్టాల గుండానే డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి. మీటర్‌లో వోల్టేజీ బాగానే ఉంది, అయినా ఇంజన్ ఒక్కోసారి థ్రాటిల్ (వేగం మార్చే మీట) మాట వినడం లేదు, ఆసిలోస్కోప్ (వోల్టేజీ తరంగాన్ని తెరమీద గీసి చూపే పరికరం) కొనాలా అని అడిగారు. ముందు ఆ మీటర్‌ని నమ్మడం మానండి. మామూలు మీటర్ ఏసీ వైపు 50, 60 హెర్ట్జ్ సైన్ తరంగానికి తయారైంది. మీ పట్టాల మీద పరిగెత్తేది అంతకు వంద రెట్ల వేగంతో తిరగబడే చతురస్ర తరంగం. మీటర్ చూపించే అంకెకు విలువ లేదు.

ఒహాయోలో మా క్లబ్బు బేస్‌మెంట్‌లోని లేఅవుట్ (మోడల్ రైలు పట్టాల అమరిక) మీద ఓ శనివారం 3వ నంబరు గూడ్స్ ఇంజన్‌కి థ్రాటిల్ సున్నాకి తిప్పాం. ఆగలేదు. అదే వేగంతో చివరి బఫర్ వైపు వెళ్తుంటే పెద్దాయన ఒకరు చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నారు. వెంటనే తలా ఒక వైద్యం. చక్రాలు తుడవమన్నారు, డీకోడర్ (ఇంజన్‌లో ఉండి ఆజ్ఞలు చదివే చిన్న సర్క్యూట్) కాలిపోయిందన్నారు. (చక్రాలు తుడవమనే సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దేనికైనా అదే మందు!) డీకోడర్ మార్చాం. మళ్ళీ అదే చోట అదే తీరు.

నేను స్కోప్ తెచ్చి రెండు ప్రోబులూ రెండు పట్టాలకి ఆనించి, ఒకదాన్నుంచి ఇంకోటి తీసేసే లెక్కలో పెట్టాను. ప్రోబు ఎర్త్ క్లిప్పు పట్టాకి తగిలించకండి, బూస్టర్ (ఆజ్ఞల సిగ్నల్‌కి బలమిచ్చి పట్టాలకి పంపే పెట్టె) ఎక్కడైనా ఎర్త్‌కి కలిసి ఉంటే షార్టే. బూస్టర్ దగ్గర తరంగం గీత గీసినట్టుంది. పెన్సిలుతో కాగితం మీద లెక్కపెట్టాను: తరంగంలో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే ఆ బిట్ ఒకటి, 100 ఉంటే సున్నా. 00000011, అంటే 3వ ఇంజన్. 01100000, ముందుకి, ఆగు. చివరిది తప్పులు పట్టే బైటు, ఆ రెండింటి ఎక్సార్ (బిట్లు వేరైతే ఒకటి, ఒకటే అయితే సున్నా), 01100011. ఆజ్ఞ సరిగ్గానే బయల్దేరింది!

బూస్టర్ నుంచి పట్టాలకి వెళ్ళే అదే తీగ 30 అడుగులు దాటాక ప్రతి అంచూ గజగజ వణుకుతోంది. ఆ వణుకు సున్నా వోల్టుల గీతని అదనంగా దాటితే డీకోడర్‌కి లేని బిట్లు కనిపిస్తాయి, చివరి బైటు సరిపోదు, పాకెట్ (ఆ బైట్లన్నీ కలిసిన ఒక ఆజ్ఞ) మొత్తం పారేస్తుంది. పారేశానని ఎవరికీ చెప్పదు. ఇంజన్ పాత వేగంతోనే పోతుంది. కమాండ్ స్టేషన్ (థ్రాటిల్ మాటను పాకెట్లుగా మార్చే పెట్టె) ఆజ్ఞ మళ్ళీ మళ్ళీ పంపినా అక్కడికొచ్చేసరికి అదే గతి. తీగలు రెండూ మెలిపెట్టి, చివర 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపి రెండు తీగల మధ్య అడ్డంగా వేశాం. ఇంజన్ ఆగింది.

నాకు తెలిసి ఇలాంటి జబ్బుల్లో ఎక్కువ భాగం తీగలవే, డీకోడర్లు పాపం ఊరికే బలవుతున్నాయి. చవక లాజిక్ ఎనలైజర్ (సిగ్నల్‌ని ఒకట్లు, సున్నాలుగా మాత్రమే చూపేది), 6ఎన్137 ఆప్టోకప్లర్ (కాంతితో సిగ్నల్ దాటించి రెండు వైపులనీ విడిగా ఉంచే చిప్పు) పెట్టుకుంటే పాకెట్లు చదువుకోవచ్చు. పట్టాల వోల్టేజీని నేరుగా ఎనలైజర్‌కి ఇస్తే అది పాడైపోతుంది. కానీ ఆ వణుకు ఆకారం ఎనలైజర్‌లో కనపడదు. అందుకే స్కోపే కొనండి, సెకండ్‌హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. కొలిచేది మాత్రం ఇంజన్ మొరాయించే చోట, బూస్టర్ దగ్గర కాదు.