గడ్డు కాలంలో కంపెనీలు తాత్కాలిక మేనేజర్లను ఎందుకు వెతుక్కుంటాయి? పిలిస్తే వెళ్లొచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు. మార్కెట్ ఇంత అయోమయంగా ఉన్నప్పుడు కంపెనీలు పర్మినెంట్ వాళ్లను వదిలేసి ఆర్నెల్లకో, ఏడాదికో సీనియర్ మేనేజర్లను ఎందుకు తీసుకుంటున్నాయన్నది ఒకటి. హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా కంపెనీ మిమ్మల్ని ఇలాగే ఫైనాన్స్ హెడ్‌గా రమ్మంటోంది, వెళ్లాలా వద్దా అన్నది రెండోది. కొన్నేళ్లుగా నా సంపాదన ఈ పని మీదే కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తాను.

ఖర్చు తగ్గుతుందనే ఇలా చేస్తారని చాలామంది అంటారు. అది సగమే నిజం. నెల లెక్కన చూస్తే తాత్కాలికంగా వచ్చేవాడి ఫీజు అదే సీటులోని పర్మినెంట్ జీతం కన్నా మామూలుగా ఎక్కువే ఉంటుంది. అసలు కిటుకు పద్దుల్లో ఉంది. అమ్మకాలు తగ్గగానే బోర్డు మొదట చేసే పని కొత్త నియామకాలు ఆపేయడం. ఆ ఆంక్ష జీతాల పద్దుకే. మనకిచ్చే ఫీజు ప్రొఫెషనల్ చార్జీల పద్దులోకి వెళ్తుంది, దానికి ఆ అడ్డు ఉండదు. పైగా రేపు పరిస్థితి ఎటు తిరిగినా, ఒప్పందం గడువు తీరితే ఎవరి దారి వాళ్లది.

ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లో 1970ల్లో మొదలైందంటారు. అక్కడ ఉద్యోగిని తీసేయడం కష్టం, ఖర్చు కూడా. ఆ తర్వాత బ్రిటన్, జర్మనీలలో ఇదొక వృత్తిగానే స్థిరపడింది. మన దగ్గర మాత్రం పెద్ద కంపెనీలు చాలావరకు లోపలి మనిషినే కూర్చోబెడతాయి. 2017 ఆగస్టులో సీఈఓ విశాల్ సిక్కా రాజీనామా చేసినప్పుడు ఇన్ఫోసిస్ అదే చేసింది. 2018 జనవరిలో సలీల్ పరేఖ్ వచ్చేదాకా ప్రవీణ్ రావు తాత్కాలిక సీఈఓగా నడిపించారు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) ఇస్తారు చూడండి, దాదాపు అలాంటిదే. హైదరాబాద్ వాళ్లకు సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుండే ఉంటుంది. 2009 జనవరి 7న లెక్కలు తప్పుగా చూపించానని ఒప్పుకుంటూ చైర్మన్ రామలింగరాజు గారు రాసిన లేఖ బయటపడ్డాక రామ్ మైనంపాటి తాత్కాలిక సీఈఓ అయ్యారు. నాలుగు రోజుల్లో ప్రభుత్వం దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లను బోర్డులో వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లేదాకా కంపెనీని నిలబెట్టింది ఇలా కొద్దికాలానికి వచ్చినవాళ్లే.

బయటి మనిషిని తెచ్చుకోవడం నేను ఎక్కువగా చూసింది కుటుంబాలు నడిపే మధ్యతరహా కంపెనీల్లో. 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది కదా. రొయ్యలకైతే పాత యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేది) సుంకాలు అప్పుడు దానికి అదనం. అప్పుడు కోస్తాలో ఒక ఎగుమతి కంపెనీ నన్ను పిలిచింది. కంటైనర్లు సముద్రం మీద ఉన్నాయి, అవతల కొనేవాళ్లు డిస్కౌంట్ ఇస్తేనే తీసుకుంటామంటున్నారు, ఇటు ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి కోసం బ్యాంకు ముందే ఇచ్చే అప్పు) గడువు దగ్గరపడుతోంది. వచ్చే 13 వారాల్లో ఏ వారం ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది అన్న కాగితం పెడితే తప్ప అప్పు లిమిట్ సంగతి మాట్లాడనని బ్యాంకు కూర్చుంది. ఉన్న అకౌంట్స్ మేనేజర్ మంచివాడే, పని వచ్చినవాడే. అయితే ఆ కాగితంలో నిజం రాయాలంటే చైర్మన్‌గారి బావమరిది చూసే కొనుగోళ్లలో కోత పెట్టాలి. ఆ మాట అతని నోట రాదు. వచ్చినా మర్నాటి నుంచి అతను అక్కడ బతకలేడు.

నన్ను తెచ్చుకున్నది ఆ మాట చెప్పించడానికే. ప్రతి సోమవారం చెల్లింపుల జాబితా నా ముందుకు వచ్చేది. ఎవరికి ఇవ్వాలి, ఎవరిని ఆపాలి అని గీతలు పెట్టేవాణ్ణి. రైతుల బాకీలు ముందు, యంత్రాల అడ్వాన్సులు తర్వాత, బంధువుల ట్రాన్స్‌పోర్ట్ బిల్లులు అన్నిటికన్నా చివర. పెద్దాయన అందరి ముందూ నన్ను విసుక్కునేవారు, లోపలికి వెళ్లాక ‘కానీయండి’ అనేవారు. చెడ్డపేరు నాకు, చుట్టరికాలు ఆయనకు మిగిలాయి. నా లెక్కలో గడ్డు కాలంలో ఈ సీటు పుట్టేది ఎక్కువగా ఇందుకే. పని తెలిసినవాళ్లు లోపలే దొరుకుతారు. కాదు అని చెప్పి, గడువయ్యాక వెళ్లిపోయేవాడు మాత్రం లోపల దొరకడు. (ఫార్మాలో క్వాలిటీ హెడ్‌ల కథ వేరు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో లోపాలు రాసిచ్చే ‘483’ ఫారం చేతికొచ్చి, 15 పనిదినాల్లో జవాబివ్వాల్సి వచ్చినప్పుడు ఆర్థిక మాంద్యం ఉన్నా లేకున్నా బయటివాళ్ల కోసం పరుగులే.)

ఒక గందరగోళం తీర్చేస్తాను. దివాలా చట్టం కింద వచ్చే తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ మనలాంటివాడు కాడు. ఆయన్ను నియమించేది కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ. ఆయన రాగానే బోర్డు అధికారాలు ఆగిపోతాయి. మనకు ఉండే అధికారం ఒప్పందంలో రాసుకున్నంతే.

అందుకే మీ విషయంలో జీతం కన్నా ముందు ఆ ఒప్పందం చూడండి. బ్యాంకు చెక్కుల మీద సంతకం మీదా కాదా, ఎంత మొత్తం దాకా? మీరు ఆపిన చెల్లింపును మళ్లీ విడుదల చేయగలిగేది ఎవరు? ఈ రెండూ నోటిమాటగా వదిలేస్తే మీరు పేరుకే హెడ్. కంపెనీ లిస్టెడ్ అయితే ఇంకో మెలిక ఉంది. 2023లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన నిబంధన ప్రకారం సీఎఫ్‌ఓ (ఫైనాన్స్ హెడ్) పోస్టు ఖాళీ అయితే మూడు నెలల్లో నింపాలి. తాత్కాలికం అన్న పేరు పెట్టినా కొత్త నియామకానికి వర్తించే చట్టాలన్నీ పాటించాల్సిందే. అంటే ఖాతాల మీద మీ సంతకానికి బాధ్యతలో తగ్గింపేమీ ఉండదు. డైరెక్టర్లకు, ఆఫీసర్లకు తీసుకునే ఇన్సూరెన్స్‌లో మీ పేరు చేర్చమని గట్టిగా అడగండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఫీజులో 10 శాతం టీడీఎస్ పోతుంది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, బిల్లు మీద 18 శాతం వేయాలి. వాళ్లు డబ్బు ఇచ్చినా ఇవ్వకున్నా ఆ పన్ను మీరు గడువులోగా కట్టాలి, అసలు టెన్షన్ అక్కడే. ఉద్యం (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ చేయించుకుంటే 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టం మీ వైపు ఉంటుంది. పీఎఫ్ ఉండదు, ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ మీరే తీసుకోవాలి. ఒక కంపెనీ అయ్యాక ఇంకొకటి దొరికేలోపు నెలల తరబడి ఖాళీ వస్తుంది, కాబట్టి ఇంటి ఈఎంఐ పెద్దదైతే ఈ దారిలోకి రావద్దనే అంటాను.

పాత ఫైనాన్స్ హెడ్ ఏడాది మధ్యలో వెళ్లిపోయాడని, ఎందుకో వాళ్లు చెప్పలేదని రాశారు. మిగతావన్నీ బాగున్నా నేను ఆగేది అక్కడే. ఆయనతో ఒక అరగంట, ఆడిటర్‌తో ఒక అరగంట మాట్లాడతానని ప్రమోటర్‌ను అడగండి. సరే అంటే ముందుకెళ్లండి. ‘అదంతా ఎందుకండీ, మీరు చేరిపోండి’ అంటే నేనైతే వెళ్లను.