మెనోనైట్ సంఘంలో మనిషిని చేర్చుకునేది పాస్టరు కాదు, సంఘం

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చామనీ, ఇంటి దగ్గర్లో మెనోనైట్ బ్రెదరెన్ (ఎం.బి.) చర్చి ఉందనీ, అక్కడ ఆరాధన ఎలా ఉంటుందో, బయటి నుంచి వచ్చినవాళ్ళని త్వరగా కలుపుకుంటారో లేదో చెప్పమనీ అడిగారు. నేను పుట్టింది ఎం.బి. సంఘంలో. పెళ్ళయ్యాక వెళ్ళింది కూడా ఈ ఊళ్ళోనే ఉన్న ఇంకో ఎం.బి. సంఘానికి. త్వరగా కలుపుకోరు అనేదే నా జవాబు. కలుపుకోకూడదు కూడా.

ముందు మీ భయం ఒకటి తీరుస్తాను. మెనోనైట్లంటే ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ. ఇంటర్నెట్‌లో మెనోనైట్ అని వెతికితే గుర్రబ్బండ్లు, నల్ల కోట్లు కనిపించాయని రాశారు. అలా బతికేవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోని అమిష్‌వాళ్ళు, మాకు దూరపు చుట్టాల్లాంటివాళ్ళు. ఇక్కడ గేటు దగ్గర మీకు కనిపించేవి ఆటోలు, స్కూటర్లు, మెట్ల పక్కన చెప్పుల గుట్ట.

ఆదివారం ఆరాధన బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవాళ్ళకి సగానికి పైగా తెలిసినట్టే ఉంటుంది. కీర్తనలు అవే. మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క కూర్చునే అలవాటు మా దగ్గర ఇంకా పోలేదు. ప్రార్థన అనగానే కొంగులు తల మీదికి వస్తాయి. పాట, వాక్య పఠనం, సంఘ ప్రార్థన, ప్రకటనలు అయ్యాక, ఆ వారం పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ జరుపుకున్నవాళ్ళు ముందుకొచ్చి కృతజ్ఞత కానుక ఇస్తారు. ఆ తర్వాత ప్రసంగం. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు ప్రభువుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం కలిసి తీసుకోవడం. పంట పండుగ నాడు తప్పకుండా వెళ్ళండి. పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు ఊరికి వెళ్ళి మరీ కందులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెస్తారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కుక్కర్లు, స్టీలు డబ్బాలు తెస్తారు. ఆరాధన కాగానే ఆవరణలో అన్నిటికీ వేలం. మా అత్తగారు ఇప్పటికీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వాటా, స్త్రీల సమాజానికి వెళ్తుంది. రేషన్ బియ్యం వండుకున్న రోజుల్లో కూడా ఆ డబ్బా ఖాళీగా ఉండలేదు.

అయితే ఇవన్నీ చూసి మెనోనైట్ సంఘమంటే ఇదే అనుకుంటే మీకు అసలు సంగతి తెలియనట్టే. అసలు సంగతి ఆదివారం జరగదు. బాప్తిస్మానికి ముందు ఒక శనివారం సాయంత్రం, సాక్ష్యాల కూటంలో జరుగుతుంది.

మా దగ్గర బాప్తిస్మం పసిపిల్లలకి ఇవ్వరు. ఊహ తెలిసినవాళ్ళు అడిగి తీసుకోవాలి, నిండా నీళ్ళలో మునగాలి. అంతకంటే ముందు సంఘమంతా కూర్చున్న చోట నిలబడి, తను దేవుణ్ణి ఎందుకు నమ్ముకున్నాడో సొంత మాటల్లో చెప్పాలి. అందరూ విన్నాక పాస్టరు గారు, “ఈ మనిషిని చేర్చుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అని అడుగుతారు. మామూలుగా ఎవరూ మాట్లాడరు, చేతులు లేస్తాయి, పాట మొదలవుతుంది.

ఒక సంవత్సరం మట్టల ఆదివారానికి (ఈస్టర్‌కి ముందు ఆదివారం) ముందు శనివారం అలా జరగలేదు.

ఆ రోజు సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకావిడ నగరపాలక సంస్థలో రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. కల్వకుర్తి వైపు పల్లె ఆవిడది. చదువు రాదు. ఆమె ముందు మాట్లాడిన కాలేజీ పిల్లలు బాగా కంఠస్థం చేసుకొచ్చారు, ముగ్గురూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు. ఈవిడ కొంగు సర్దుకుని, “నా పెనిమిటి సచ్చిపోయిన్నాడు మీరే వచ్చి శవం కాడ కూసున్నరు. దినాలయ్యేదాక అన్నం తెచ్చిండ్రు. మతంల కలువుమని ఒక్కరన్నా అనలే. మీరు మొక్కే ఆయనకే నేను గూడ మొక్కుతున్న” అంది. అంతే. నేను విన్న సాక్ష్యాలన్నిటిలోకీ అంత నిజమైనది ఇంకొకటి లేదు.

పాస్టరు గారు ఎప్పటిలా అభ్యంతరం సంగతి అడిగారు. వెనక వరసలోంచి ఒకతను లేచాడు. ఆటో నడుపుతాడు, ఎప్పటినుంచో మా సంఘ సభ్యుడు, ఆవిడకి స్వయానా మరిది. అన్న చనిపోయినప్పుడు సంఘంవాళ్ళని ఆ ఇంటికి తీసుకెళ్ళింది కూడా అతనే.

“నాకున్నది అయ్యగారు. మా వదిన నాతోని మాట్లాడక ఏండ్లాయె. ఊర్ల ఇంటి జాగ కాడ పంచాయితి. నాతోని మాట్లాడని మనిషి నా పక్కన కూసుని ప్రభు బల్ల ఎట్ల తీసుకుంటది?”

హాల్లో ఎవరూ కదల్లేదు. ఆవిడ ఇంకా మైకు ముందే నిలబడి ఉంది. “అవ్ అయ్యగారు, నిజమే. మాట్లాడ్తలేను. గని జాగ మాత్రం ఇయ్య. అది నా బిడ్డది” అంది.

ముందు వరసలోంచి ఎవరో, ఇంటి గొడవలు ఇక్కడెందుకు, ముందు కార్యక్రమం కానివ్వండి అన్నారు. సంఘ పెద్దల్లో రిటైరైన టీచరు గారు ఒకరున్నారు. ఆయన ఒప్పుకోలేదు. “జాగ ఎవరిదో తేల్చడానికి మేం కూర్చోలేదమ్మా. అది సర్వేయరు చూసుకుంటాడు. మీరిద్దరూ మాట్లాడుకుంటారా లేదా, అదొక్కటే సంఘానికి కావాలి. వరండాలోకి వెళ్ళండి. ఎంతసేపైనా ఆగుతాం” అన్నారు.

నిజంగానే ఆగాం. మొదట ఒక కీర్తన, తర్వాత ఇంకొకటి. చిన్నపిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయారు. కీబోర్డు అబ్బాయి వాయించడం ఆపేసి కిటికీ వైపే చూస్తున్నాడు. వరండాలోంచి మాటలు వినపడుతున్నాయి. అన్న ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టారు, అంత్యక్రియలకి ఎవరు రాలేదు, ఎవరి పెళ్ళిలో ఎవరిని పిలవలేదు. గొంతులు బాగా పెరిగాక మా అత్తగారు లేచి వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య మెట్టు మీద కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదని తర్వాత చెప్పారు. ఆమె అక్కడ ఉన్నందుకే వాళ్ళ గొంతులు తగ్గాయని నేననుకుంటాను.

ఇద్దరూ లోపలికొచ్చారు. అతను అందరి ముందూ, “జాగ సంగతి తేలలే. గని మాట్లాడుకున్నం. నాకిప్పుడు అభ్యంతరం లేదు” అన్నాడు. అప్పుడు చేతులు లేచాయి.

ఈస్టర్ నాడు బాప్తిస్మం. మా చర్చిలో వేదిక కింద, చెక్కల అడుగున సిమెంటు తొట్టి ఉంటుంది. ఎండాకాలం కదా, నల్లా రాలేదు. ట్యాంకరు తెప్పిస్తే గల్లీ మలుపు తిరగలేక ఆగిపోయింది. దాని వెనక నిలబడి చేతులూపుతూ గేటు దాకా తెప్పించింది ఆ మరిదే. ఆవిడ తెల్ల చీరలో తొట్టిలోకి దిగింది. ఆ ఇంటి జాగ గొడవ మాత్రం ఈ రోజుకీ తేలలేదు. పోయిన పంట పండుగ నాడు వేలం జరుగుతుండగానే చర్చి ఆవరణలో ఇద్దరూ దాని మీద గట్టిగా వాదించుకున్నారు, అయ్యాక అతని ఆటోలోనే ఆవిడ ఇంటికి వెళ్ళింది.

సమాధానం గురించి, అహింస గురించి మెనోనైట్లు పెద్ద పెద్ద మాటలు చెప్తారని మీరు చదివే ఉంటారు. నా దృష్టిలో అదంతా ఆ వరండాలో ఉంది. యుద్ధానికి వెళ్ళనని చెప్పడం హైదరాబాద్‌లో ఉన్న నాకు సులువు, నన్నెవరూ పిలవట్లేదు. మరిదితో మాట్లాడడం కష్టం.

ఇలా అడిగి చేర్చుకోవడం మేం నిన్న మొన్న కల్పించుకున్న పద్ధతి కాదు. ఇంకా బాప్తిస్మం కాని పసిపిల్లలందరికీ ఎనిమిది రోజుల్లో ఇప్పించాలని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగర మండలి ఆజ్ఞ వేస్తే, 1525 జనవరి 21న కొద్దిమంది ఒక ఇంట్లో చేరి, ఒకరినొకరు అడిగి బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ని రెండేళ్ళు తిరిగేలోగా అక్కడి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. మా బ్రెదరెన్ శాఖ మొదలైంది 1860లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో. నడవడితో పని లేకుండా ప్రభు బల్ల అందరికీ ఇచ్చేస్తున్నారని పద్దెనిమిది మంది కుటుంబ పెద్దలు సంతకాలు పెట్టి బయటికొచ్చారు. అక్కణ్ణుంచే 1889లో ఫ్రీసెన్ దంపతులు ఈ దేశం వచ్చి, తర్వాత నల్గొండలో పనిచేశారు. 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దంపతులు వచ్చారు. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ అమ్మగారు షంషాబాద్‌లో ఆసుపత్రి నడిపి, 1945లో ఈ దేశంలోనే కన్నుమూశారు. వాళ్ళు మనకిచ్చినవాటిలో ఆసుపత్రులు, బడులు, హాస్టళ్ళ గురించే అందరూ చెప్తారు. అభ్యంతరం ఉందా అని అడిగి ఆగడం కూడా వాళ్ళు ఇచ్చిందే, నా లెక్కలో దాని విలువ ఆసుపత్రికి తక్కువ కాదు.

అందుకే ఇప్పుడు జరుగుతున్నది చూస్తే నాకు కడుపు మండుతుంది. కొన్ని సంఘాల్లో సాక్ష్యాలు పాస్టరు గారి గదిలో ఐదు నిమిషాల్లో అయిపోతున్నాయి. సంఘం ముందుకొచ్చేసరికి పేర్లు చదవడం, చప్పట్లు కొట్టడం మిగిలింది. అదేమంటే జనానికి టైం లేదంటారు. అదే జనం కొత్త సౌండు బాక్సులు పెట్టిన రోజు రెండు గంటలు పాటలు పాడారు. పక్కవాడి గొంతు వినపడనంత మోత పెట్టుకుని సంఘంగా పాడాం అనుకోవడం నాకు ఒప్పుదల కాదు. తాళం తప్పినా సరే, ముసలివాళ్ళ గొంతులు వినపడాలి.

ఇంకొకటి ఉంది, బయట ఎవరూ మాట్లాడరు. బాప్తిస్మం రిజిస్టరులో సంతకమంటే జంకే కుటుంబాలు మాలో చాలా ఉన్నాయి. మా సంఘాల్లో ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్ళం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, ఇక్కడ బి.సి. సి గ్రూపులోకి వెళ్ళాలి. ఆ గ్రూపుకి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషను. మతం మారితే ఊళ్ళో వివక్ష పోతుందా? పోదు. మా తాతలకి గ్లాసు వేరే పెట్టినవాళ్ళెవరూ వాళ్ళ మతం అడిగి పెట్టలేదు. పిల్లల ఉద్యోగం పోతుందని భయపడి బాప్తిస్మాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేసుకునే తల్లిదండ్రులని నేను తప్పుపట్టను. తప్పు ఆ చట్టానిది.

ఇక మీ సంగతి. మా సంఘంలో అయితే, మీరు పెద్దయ్యాక మునిగి బాప్తిస్మం తీసుకునుంటే మళ్ళీ తీసుకోమనరు. పాత సంఘం నుంచి ఉత్తరం తెస్తే చాలు, మీ సాక్ష్యం మాత్రం వింటారు. చిన్నప్పుడు నీళ్ళు చల్లించుకున్నదైతే పెద్దలు మీతో కూర్చుని మాట్లాడతారు. అది చూసి, మమ్మల్ని క్రైస్తవులే కాదంటున్నారని నొచ్చుకోకండి. ఈలోగా ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటాలకి వెళ్ళండి. ఆదివారం చర్చిలో వందనాలు చెప్పి వెళ్ళిపోయేవాళ్ళే అక్కడ టీ గ్లాసు చేతికిచ్చి మీ ఊరు, మీ అమ్మగారి ఆరోగ్యం అన్నీ అడుగుతారు.

సాక్ష్యాల కూటం ఎప్పుడో పాస్టరు గారిని అడిగి తెలుసుకుని, ఆ శనివారం వెళ్ళి వెనక కూర్చోండి. అభ్యంతరం ఉందా అని అడిగాక జవాబు కోసం ఆగుతారో, వెంటనే పాట ఎత్తుకుంటారో గమనించండి. ఆగితే అక్కడే చేరండి. ఆగకపోతే ఇంకో ఎం.బి. చర్చి చూసుకోండి, ఈ నగరంలో చాలానే ఉన్నాయి.