రూట్ కెనాల్ చేసిన పంటికి బలం ఎక్కడిది?

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

రూట్ కెనాల్ పూర్తయిన పంటిని దేనితో కడితే ఎక్కువ కాలం నిలుస్తుందో అడుగుతూ రాశావు. జిర్కోనియా, లిథియం డైసిలికేట్ అనే క్యాప్ పింగాణీల బలాలను మెగాపాస్కల్స్‌లో పోల్చుకోవడం తప్పు కాదు గానీ, నా దగ్గరికి క్యాప్ పగిలి వచ్చినవారి కంటే లోపలి పన్ను విరిగి వచ్చినవారే ఎక్కువ. అందుచేత మెటీరియల్ ఎంచుకునే ముందు పంటికి ఎన్ని గోడలు మిగిలాయో, అవి ఎంత మందంగా ఉన్నాయో చూడు.

నరం తీసేస్తే పన్ను ఎండి పెళుసెక్కుతుందని రోగులే కాదు, మన డాక్టర్లూ అంటుంటారు. నేనూ చాలా కాలం అదే చెప్పాను. అయితే 1989లో రీ, మెసర్, డగ్లస్ అనే పరిశోధకులు ప్రీమోలార్ల (చిన్న దవడపళ్ల) మీద కొలిచి చూసినప్పుడు, రూట్ కెనాల్ పని వల్ల పంటి బిగువు (ఒత్తిడికి వంగకుండా నిలిచే గుణం) 5 శాతమే తగ్గగా, రెండు పక్కల మార్జినల్ రిడ్జ్‌లనూ (నమిలే తలం అంచు గట్లనూ) తెంచే ఎంఓడీ కావిటీ, అంటే ఒక పక్క నుంచి రెండో పక్క దాకా తవ్విన గాడి, వల్ల 63 శాతం తగ్గింది.

ముందు పంటికి రూట్ కెనాల్ కోసం వెనకవైపు చేసిన రంధ్రం తప్ప మిగతాదంతా చెక్కుచెదరకుండా ఉంటే కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) చాలు, దాన్ని అరగదీసి క్యాప్ వేయడమే దానికి నష్టం. నమిలే పళ్ల సంగతి వేరు. ఒకాయన పై ప్రీమోలార్‌కు నేను ఎంఓడీ కాంపోజిట్ పెట్టి, క్యాప్‌కు మళ్లీ రమ్మని ఊరుకున్నాను. కొన్ని నెలలకు వక్క కొరికి వచ్చాడు. ప్రోబ్ ఆనించి కదిపితే చెంపవైపు ముక్క ఒకటీ, అంగిలివైపు ముక్క ఒకటీ విడివిడిగా కదిలాయి, నడుమ సన్నని నెత్తుటి గీత. తీసేయడం తప్ప దారి లేకపోయింది. ఆ తప్పు నాదే. ఆ రోజే కస్ప్‌లను (నమిలే తలం మీది మొనలను) 2 మిల్లీమీటర్లు తగ్గించి కాంపోజిట్‌తోనే కప్పి పంపి ఉండవలసింది. వెంటనే క్యాప్‌కు డబ్బు సర్దుకోలేని వారికి నేనిప్పుడు చేసేది అదే.

పోస్ట్, అంటే వేరులోకి దించే కడ్డీ, పంటికి బలం ఇవ్వదు, కోర్‌ను (క్యాప్ కింద పోయిన పంటి బదులు కట్టే దిమ్మను) పట్టి ఉంచుతుంది, అంతే. దానికోసం కెనాల్‌ను వెడల్పు చేసిన కొద్దీ వేరు పలచబడుతుంది. లోహపు పోస్ట్ డెంటిన్ (ఎనామెల్ లోపలి పంటి పొర) కంటే ఎన్నో రెట్లు బిరుసు కనుక ఒత్తిడి పడితే పంటి వేరు చీలిపోవచ్చు. ఫైబర్ పోస్ట్ వంగే గుణంలో డెంటిన్‌కు దగ్గర కాబట్టి చాలాసార్లు ఊడివస్తుందే తప్ప వేరును చీల్చదు, మళ్లీ కట్టుకునే వీలుంటుంది. ఏ పోస్ట్ వేసినా వేరు కొసన 4, 5 మిల్లీమీటర్ల గట్టాపెర్చాను (కెనాల్‌లో నింపిన పదార్థాన్ని) కదపవద్దు. క్యాప్ అంచు కోర్ మీద కాక, చుట్టూ 2 మిల్లీమీటర్ల సొంత పంటిని పట్టుకోవాలి. ఫెర్రూల్ అనే ఆ పట్టు దొరకని చోట ఎంత ఖరీదైన జిర్కోనియా అయినా గోడ లేని ఇంటికి కప్పు వేసినట్టే.

పల్ప్ ఛాంబర్ (నరం ఉండే గది) లోతుగా ఉన్న పొట్టి మోలార్‌కు (పెద్ద దవడపంటికి) మాత్రం పోస్ట్ జోలికి పోకుండా ఎండోక్రౌన్ (ఆ గదిలోకి దిగి పట్టుకునే ఒకే ముక్క క్యాప్) ఆలోచించు. నువ్వు రాసిన కింది మోలార్ అలాంటిదేనేమో అనిపిస్తోంది. పోస్ట్ డ్రిల్ పట్టే ముందు దాని ఎక్స్‌రే నాకు పంపించు.

ఇట్లు,
మామయ్య