గామా డెల్టా టి కణాలను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. గామా డెల్టా టి కణాలపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. రక్తంలో అరుదుగా ఉండే ఈ రోగనిరోధక కణాలను నమ్ముకుంటే ఉద్యోగం దొరకదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ మిత్రులు తల లెక్క చూసి తీర్పు చెప్పినట్టున్నారు. రక్తంలోని టి కణాల్లో ఇవి సాధారణంగా 1 నుంచి 5 శాతమే. కానీ పేగు లోపొర వంటి చోట్ల వీటి వాటా ఇంకా ఎక్కువ. పైగా వీటి పనితీరే వేరు. మామూలు టి కణానికి శత్రువు ముక్కను ఎంహెచ్‌సీ అణువు (కణాల ఉపరితలంపై ఉండే ప్రొటీన్) మీద పెట్టి చూపించాలి. వీటిలో చాలావాటికి ఆ అవసరం లేదు. రక్తంలో ఎక్కువగా కనిపించే వీగామా9-వీడెల్టా2 రకాన్నే తీసుకోండి. ఎన్నో సూక్ష్మజీవులు తయారుచేసే ఒక చిన్న ఫాస్ఫేటు అణువు, సూక్ష్మజీవి సోకిన కణం లోపలివైపు, కణ పొరలో ఉండే బ్యుటిరోఫిలిన్ అనే ప్రొటీన్ తోకకు అతుక్కుంటే చాలు, ఆ కబురు బయట ఉన్న టి కణానికి అందుతుంది. ఒత్తిడికి లోనైన కణాలను, కొన్ని క్యాన్సర్ కణాలను కూడా ఇవి ఇదే దారిలో పసిగడతాయి.

ఉద్యోగాల సంగతీ ఇక్కడే ఉంది. ఎంహెచ్‌సీతో పని లేదు కాబట్టి, దాత కణాలను వేరొకరికి ఎక్కించినా అవి రోగి శరీరంపై తిరగబడే ముప్పు తక్కువ. అందుకే సెల్ థెరపీ (కణాలనే మందుగా ఎక్కించే చికిత్స) కంపెనీలు వీటి వెంట పడ్డాయి. అయితే అదంతా ఇంకా పరీక్షల దశలోనే ఉంది. ఇంటర్‌ల్యూకిన్-17 అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేసే గామా డెల్టా కణాలు కణితికే కొమ్ముకాసిన దాఖలాలూ ఉన్నాయి. కాబట్టి కంపెనీల ప్రకటనలు చూసి ఇటు రాకండి, ప్రశ్న నచ్చితే రండి.

ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక్కటి తప్పకుండా అడగండి: పని ఎలుకల మీదా, మనుషుల రక్తం మీదా? ఫాస్ఫేటు అణువులకు స్పందించే ఆ రకం ఎలుకల్లో లేనే లేదు. గాయం మానడంలో చర్మంలోని గామా డెల్టా కణాల పాత్ర తెలుసుకోవాలంటే ఎలుకలు చక్కగా పనికొస్తాయి, క్యాన్సర్ చికిత్స వైపు వెళ్లాలంటే మనుషుల రక్తమే కావాలి. ఆ రక్త కణాలకు జోలెడ్రోనేట్ అనే ఎముకల మందు, టి కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2 ప్రొటీన్ కలిపి పెంచితే, రెండు వారాల్లో ఆ కొద్ది శాతమే కల్చర్‌లో సింహభాగం అవుతుంది. ఈ కల్చర్ పనీ, ఫ్లో సైటోమెట్రీ (కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కించే పద్ధతి) చేతికి వస్తే, రేపు వేరే కణం మీదికి మారినా మీ నైపుణ్యం వృథా కాదు. వీలైతే దరఖాస్తుకు ముందే ఫ్లో సైటోమెట్రీ ఉన్న ల్యాబ్‌లో చిన్న ప్రాజెక్టు చేయండి.