పండుగ బల్ల సర్దే ముందు

చి. సౌ. అమ్మడుకి, పిన్ని ఆశీస్సులు.

అమెరికాలోని డెలావేర్‌లో, తుపాకి మందు తయారుచేసిన డ్యూపాంట్ కుటుంబం వాళ్ల పాత ఇల్లు ఎలుథీరియన్ మిల్స్‌లో క్రిస్మస్ అలంకరణకు వాలంటీరుగా వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషమే. కానీ ఫ్రెంచి పద్ధతి అంటూ నువ్వు పంపిన జాబితాలో సగం ఆ ఇంటిది కాదు తల్లీ.

ఆ కుటుంబం ఫ్రాన్స్ నుంచి ఓడలో వచ్చి అమెరికా గడ్డమీద కాలు పెట్టింది 1800 జనవరి 1న. అప్పట్లో ఫ్రాన్సులో కానుకలు ఇచ్చుకునేదీ కొత్త సంవత్సరానికే, వాటిని ఎత్రెన్ అంటారు. జనవరి ఒకటిన ఈ ఇంటి మగవాళ్లు చుట్టాల ఇళ్లన్నీ తిరిగి ఆడవాళ్లను పలకరించి వచ్చేవారు. అందుకే నువ్వు మనసు పెట్టాల్సింది చెట్టు మీద కాదు, వచ్చేవాళ్ల కోసం పరిచిన బల్ల మీద. ఆ రోజుల్లో క్రిస్మస్ చెట్టు ఫ్రాన్సు తూర్పు అంచున ఉన్న ఆల్సాస్ వైపు ఆచారం, పారిస్ ఇళ్లకు ఇంకా పాకలేదు.

క్రీస్తు పుట్టుక దృశ్యంలో పేర్చే సాంతోన్ మట్టి బొమ్మలూ పెడతానన్నావు. చేపలమ్మే ఆవిడ, చాకలామె, పిండిమర ఆయన వరసగా నిలబడితే అచ్చం మన బొమ్మల కొలువే. నాకూ ప్రాణం. కానీ అవి దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్ వాళ్లవి. ఈ డ్యూపాంట్ వాళ్లేమో హ్యూగెనాట్లనే ఫ్రెంచి ప్రొటెస్టెంట్ల వంశం, పెద్దాయన పియేర్ సామ్యూల్ పారిస్‌లో గడియారాలు చేసేవాళ్ల అబ్బాయి. ఆ బొమ్మలు మీ ఇంట్లో పెట్టుకో.

బల్ల మీద తెల్ల దుప్పటి, కాగితపు పొట్లాల్లో పంచదార పూత బాదం, రిబ్బను కట్టిన చిన్న పెట్టెలు. పొట్లాలన్నీ ఒకే ఎత్తులో ఉండకూడదు. ఒకటి విప్పి, రెండు గింజలు బయటికి దొర్లినట్టు వదులు. ఇప్పుడే ఎవరో తీసుకుని వెళ్లినట్టుండాలి. తినేవి మాత్రం నకిలీవే పెట్టు. నిజమైనవైతే చీమలూ ఎలుకలూ వస్తాయి.

పచ్చి కొమ్మలతో మరీ జాగ్రత్త. ఒకసారి ఒక పాత ఇంట్లో దేవదారు కొమ్మను తుడవకుండా మహాగని బల్ల మీద పెట్టాను. మర్నాటికి రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ పడింది. ఎంత తుడిచినా పోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. కొమ్మ కింద మందపాటి గుడ్డ, దాని కింద ప్లాస్టిక్ షీటు తప్పకుండా వెయ్యి. గోడకు మేకు కొట్టొద్దు, జిగురు టేపూ వద్దు. కొవ్వొత్తులు బ్యాటరీవే.

బల్ల కొలతలు అడిగి తెలుసుకుని పంపు. నా దగ్గరున్న పాత నార దుప్పటి సరిపోతే ఈ వారమే పోస్టులో వేస్తాను.

మీ పిన్ని