లల్లీ, ఆ బ్లేడ్లు కొనకు

లల్లీకి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నీ గురించే మాట్లాడింది. "నీ కూతురు గోల్ఫ్ మొదలుపెడుతుందట. ఆ ఇనప కర్రలకి పద్దెనిమిది వందల డాలర్లట. నువ్వయినా చెప్పు" అంది. నీ మీద కోపం వచ్చినప్పుడల్లా నువ్వు నా కూతురివైపోతావు. అది నాకెప్పుడూ ఇష్టమే.

ముందు నాకు సంతోషమే కలిగింది. తెనాలిలో మగపిల్లలు ఆటలోకి రానివ్వకపోతే వాళ్ళ బిళ్ళంగోడు లాక్కుని ఇంట్లోకి పరిగెత్తిన పిల్లవి నువ్వు. మీ టీములో మగవాళ్ళంతా గోల్ఫ్‌కి వెళ్ళి, ఆఫీసు సంగతులు సగం అక్కడే తేల్చుకుని వస్తున్నారనీ, ఇక నువ్వూ వెళ్ళదలచుకున్నావనీ విన్నప్పుడు గర్వంగా అనిపించింది. వెళ్ళు తల్లీ, తప్పకుండా వెళ్ళు. కానీ నువ్వు చూసిపెట్టుకున్నవి బ్లేడ్లు అనే రకం ఐరన్లని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే రాస్తున్నాను. కార్డు గీకే ముందు చివరిదాకా చదువు.

తేలిగ్గా అయిపోయేవి ముందు చెప్పేస్తాను. కొనడానికి ముందు నాలుగు పాఠాలు చెప్పించుకో. బంతులు పాతవి చాలు, ఎలాగూ పోతాయి. బ్యాగ్ ఏదైనా ఫరవాలేదు, బూట్లు మాత్రం కాలికి సరిగ్గా పట్టేవి కొను. ఐరన్లు, అదే మీ అమ్మ చెప్పిన ఇనప కర్రలు, చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ మేనేజర్ని వెంటబెట్టుకు వెళ్ళకు. ఆయన ముందు నీకు బరువైనదాన్ని బరువని చెప్పాలనిపించదు.

ఇక అసలు సంగతి. బ్లేడ్ అంటే వెనకవైపు నున్నగా, పైఅంచు సన్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉండే ఐరన్ తల. కావిటీ బ్యాక్ అంటే వెనక గుంటలా తొలిచి, ఆ మిగిలిన బరువును చుట్టూ అంచులకు పంచినది. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే రెండూ బాగానే పనిచేస్తాయి. అంచుకు తగిలినప్పుడే తేడా తెలుస్తుంది. అప్పుడు ఐరన్ తల మెలితిరిగి బంతి దూరమూ పోదు, అనుకున్న వైపూ పోదు. కావడిబద్దకి రెండు చివరలా బరువుంటే చప్పున తిరగదు చూడు, అంచుల్లో బరువున్న తల కూడా అంతే. కొత్తగా ఆడేవాళ్ళకి చాలా దెబ్బలు మధ్యలో తగలవు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నీ తప్పు కాసే ఐరన్ ఉండగా, తప్పుకి శిక్ష వేసేదాన్ని డబ్బు పెట్టి ఎందుకు తెచ్చుకోవాలి?

ఈ లెక్కను ఆటలోకి బలంగా తెచ్చినాయన కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగాడు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరు. ఆఫీసువాళ్ళు రమ్మంటే 42 ఏళ్ళ వయసులో గోల్ఫ్ మొదలుపెట్టాడు. బంతిని గుంటలోకి నెట్టే పుటర్ చేతిలో కుదురుగా ఉండటం లేదని, బరువును రెండు చివరలకీ జరిపి తనే ఒకటి తయారుచేసుకున్నాడు. 1959లో పింగ్ కంపెనీ అలా పుట్టింది. తర్వాత అదే పద్ధతి ఐరన్లకీ వచ్చింది. ఆ కంపెనీ ఉన్నది మా ఫీనిక్స్‌లోనే. అమెరికా, యూరప్ ఆడవాళ్ళ జట్ల మధ్య 1990 నుంచి జరుగుతున్న సోల్‌హైమ్ కప్ ఆయన పేరు మీదే. ఆయనా నీలాగే ఆఫీసువాళ్ళ వల్ల ఆటలోకి వచ్చాడు. నువ్వింకా ముప్ఫై ఒకటికే వస్తున్నావు.

ఇప్పుడు మీ బాబాయి సంగతి చెప్పాలి. ఇది నీకు సగమే తెలుసు. నువ్వు చిన్నపిల్లవిగా ఉన్నప్పుడు ఒక వేసవిలో మేం తెనాలి వచ్చాం. ఎత్తుకోమని చేతులు చాపితే బాబాయి కుడిచేత్తోనే ఎత్తుకోబోయి, జారుతున్నావని దింపేశారు. బాబాయికి నేనంటే ఇష్టం లేదని నువ్వు సాయంత్రం దాకా మూతి ముడుచుకు కూర్చున్నావు. ఆయన ఎడమ మోచెయ్యి అప్పటికే పాడైపోయి ఉంది. అప్పుడు ఎవరికీ చెప్పనివ్వలేదు.

1997లో టైగర్ వుడ్స్ మాస్టర్స్ టోర్నమెంటు గెలిచాక ఇక్కడ ఆఫీసుల్లో గోల్ఫ్ ఆడనివాడు లేడన్నట్టు ఉండేది. బాబాయికీ ఆశ పుట్టింది. ఒక షాపులో అమ్మేవాడు, "నేర్చుకునేటప్పుడే బ్లేడ్లతో నేర్చుకోవాలి, అప్పుడే స్వింగ్ బాగుపడుతుంది" అన్నాడు. ఈ మాట ఇప్పటికీ చాలామంది అంటారు. నీకూ ఎవరో చెప్పే ఉంటారు. బాబాయి నమ్మి, గట్టి స్టీలు షాఫ్టులు, అంటే కాడలు, ఉన్న బ్లేడ్ల సెట్ తెచ్చారు. అవి కొన్న డబ్బుతో ఆ ఏడాది ఇంటికి మంచి సోఫా వచ్చేది. దానికి నేనేమీ అనలేదు, ఆయన మొహంలో ఆ సంతోషం చూసి.

రోజూ ఆఫీసు నుంచి నేరుగా బంతులు కొట్టి ప్రాక్టీసు చేసే రేంజ్‌కి వెళ్ళేవారు. అక్కడ గడ్డి కాదు, సిమెంటు మీద పరిచిన చాపలు. పెద్ద బకెట్ బంతులు అయ్యేదాకా కొట్టేవారు. చలికాలం పొద్దుటిపూట బ్లేడ్ అంచున బంతి తగిలిందంటే వేళ్ళ నుంచి మోచేతిదాకా జివ్వున లాగేది. "కొత్త కదా, అలవాటవుతుంది" అనేవారు. నెలలు గడిచాక ఒక రోజు ఫ్రిజ్ లోంచి పాల గ్యాలన్ తీస్తూ వదిలేశారు. వంటగదంతా పాలు. ఆయన పాలు చూడటం లేదు, తన చెయ్యి చూసుకుంటున్నారు. డాక్టరు టెన్నిస్ ఎల్బో అన్నాడు. టెన్నిస్ ముఖమే చూడని మనిషికి.

తప్పంతా ఐరన్లదే అనను. గ్రిప్‌ని, అంటే పిడిని, పీక పట్టుకున్నట్టు పట్టుకోవడం, చాపల మీద అన్నేసి బంతులు కొట్టడం, నొప్పి దాచుకోవడం, అన్నీ కలిశాయి. కానీ ఆ గట్టి షాఫ్టు, ఆ చిన్న తల ప్రతి తప్పునీ తిన్నగా కీలుకి పంపించాయి. పట్టీ కట్టుకుని, నెలల తరబడి ఆట మానేసి, మళ్ళీ వెళ్ళినప్పుడు కూడా ఆ బ్లేడ్లే పట్టుకెళ్ళారు. డబ్బు పోసి కొన్నాం కదా అన్నదొకటి, ఆ షాపువాడి మాట ఒకటి. బాగా ఆడేవాళ్ళు వాడేవి తనూ వాడగలనని చూపించుకోవాలన్న పంతం మరొకటి. చెప్పడానికి నాకు బాధగా ఉంది గానీ, ఆ పంతమే నీలో కనిపించి భయమేసింది.

చివరికి పాపగో మునిసిపల్ కోర్సులో మాతో కలిసి ఆడిన ఒక పెద్దాయన, తన బ్యాగులోని పాత పింగ్ ఐ2, 7 నంబరు ఐరన్ తీసి ఇచ్చాడు. 1980ల నాటి మోడల్ అది, లావుపాటి తల, ఏమాత్రం అందం లేదు. దాని ముఖం మీద, బాబాయి బ్లేడ్ ముఖం మీద కాళ్ళకి కొట్టుకునే పౌడర్ స్ప్రే పలచగా కొట్టాడు. బాబాయి ఒక్కోదానితో కొన్ని బంతులు కొట్టారు. తెల్లటి పౌడర్‌లో గుండ్రటి మచ్చలు పడ్డాయి. రెండింటి మీదా అవి ఒక్కలాగే చెదిరి ఉన్నాయి, కొన్ని ముక్కు వైపు, కొన్ని మెడ వైపు, మధ్యలో ఒకటో రెండో. కొట్టిన మనిషి మారలేదు. బ్లేడ్‌తో కొట్టిన బంతులు ముందున్న ఇసుక గుంటకి, అదే బంకర్‌కి, ఇవతల చెల్లాచెదురుగా పడితే, ఐ2తో కొట్టినవి చాలావరకు దాన్ని దాటాయి. చెయ్యి కూడా జివ్వుమనలేదు. ఆ నెలలోనే ఎవరో వాడిన ఐ2 సెట్ చవగ్గా దొరికితే కొన్నారు. ఇప్పటికీ ఆడుతున్నారు, ఎడమ మోచెయ్యి మాత్రం చలికాలంలో ఇంకా నొప్పెడుతుంది.

అందుకే లల్లీ, నాకు నీ పద్దెనిమిది వందల కంటే నీ మోచెయ్యి ముఖ్యం. నువ్వు రోజంతా కీబోర్డు మీద ఉండే మనిషివి. ఆ చేతులతోనే నీ బతుకు. ప్రొఫెషనల్ గోల్ఫర్ సాహిత్ తీగల బ్యాగులో ఏముందో చూశానని అమ్మతో అన్నావట. 2023లో నాపాలో అతను గెలిచినప్పుడు మేమూ టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టాం, మన తెలుగింటి పిల్లాడని. చిన్నప్పటి నుంచి అదే పనిగా ఆడి, బంతి ఎక్కడ తగలాలో అక్కడే తగిలించగలవాడికి తగిన సామాను వేరు, మనకి తగినది వేరు.

నీకేం కావాలో చెబుతాను. తల కాస్త పెద్దది, అడుగు వెడల్పుగా ఉన్నది చూడు. టెక్సస్‌లో మీ ఫ్రిస్కో నేల మన నల్లరేగడి లాంటిదే. వాన పడ్డాక సన్నటి అడుగున్న ఐరన్ అందులో దిగబడిపోతుంది, అదీ చేతికి దెబ్బే. వెడల్పాటిది జారి ముందుకు పోతుంది. షాఫ్టు గ్రాఫైట్‌దే తీసుకో. స్టీలు కంటే తేలిక, అదురు తక్కువ.

"లేడీస్ సెట్" అని చేతిలో పెడితే తీసేసుకోకు. మామూలుగా అవి మగవాళ్ళ వాటికంటే దాదాపు అంగుళం పొట్టి. నువ్వు మీ నాన్న పోలిక, అయిదడుగుల తొమ్మిదంగుళాలు. వాటితో నడుం వంచి ఆడాల్సి వస్తుంది. మగవాళ్ళ పొడవులో, మెత్తటి గ్రాఫైట్ షాఫ్టుతో కొట్టి చూడు. షాఫ్టు ఎంత వంగుతుందో దాన్ని ఫ్లెక్స్ అంటారు, సీనియర్ ఫ్లెక్స్, లేడీస్ ఫ్లెక్స్ రెండూ ప్రయత్నించు. సీనియర్ అన్న పేరు చూసి పక్కన పెట్టకు. ఇంకొకటి, బంతి వెనక మార్కర్‌తో నిలువు గీత గీసి కొట్టు. ఐరన్ ముఖం మీద ఆ గీత నిలువుగానే అచ్చుపడితే తల వాలు నీకు సరిపోయినట్టు. పక్కకి ఒరిగితే ఆ వాలు మార్పించుకోవాలి, కొన్ని మోడళ్ళకి షాపులోనే వంచి ఇస్తారు.

షాపులో కంప్యూటర్ తెర పెట్టి, ఈ 7 నంబరు పాతదానికంటే పదిహేను గజాలు ఎక్కువ వెళ్ళిందంటారు. వెళుతుంది మరి. ఒకప్పుడు 7 నంబరు లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, 34, 35 డిగ్రీలుండేది. ఇప్పటి చాలా సెట్లలో అది 30కి, అంతకంటే కిందికి వచ్చింది. అంకె పాతదే, ఐరన్ వేరు. నిదానంగా తిప్పేవాళ్ళకి అంత నిలువు ముఖంతో బంతి పైకి లేవదు, గుంట చుట్టూ ఉండే గ్రీన్ మీద ఆగదు. నీ మంచి దెబ్బ ఎంత దూరం వెళ్ళిందని చూడకు. నీ చెడ్డ దెబ్బలు ఎక్కడ పడ్డాయో చూపించమని అడుగు. ఏ ఐరన్‌తో అవి తక్కువ చెడ్డగా ఉన్నాయో అదే నీది.

3, 4, 5 నంబర్లు కొనొద్దు, వాటి బదులు ఐరన్‌కీ పెద్ద తల కర్రకీ మధ్యరకమైన హైబ్రిడ్లు ఒకటో రెండో చాలు. బ్యాగులో 14 కర్రల దాకా పెట్టుకోవచ్చు గానీ పెట్టుకోవాలని రూలేమీ లేదు. 6 నుంచి, 9 తర్వాత వచ్చే పిచింగ్ వెడ్జ్ దాకా ఐరన్లు, ఇసుకలోంచి బంతి తీయడానికి ఒక శాండ్ వెడ్జ్ చాలు. పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ అడిగి తెలుసుకో. అది 43, 44 డిగ్రీలైతే శాండ్ వెడ్జ్‌కీ దానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది, అప్పుడొక గ్యాప్ వెడ్జ్ కావాలి.

కొత్తవి అక్కర్లేదు. ఐరన్ల తలలు చాలా ఏళ్ళు ఉంటాయి. పింగ్ జీ400, జీ410, కాలవే రోగ్, క్లీవ్‌లాండ్ లాంచర్ హెచ్‌బీ లాంటివి కొన్నేళ్ళ కిందటి మోడళ్ళు, అన్నీ తప్పు కాసేవే. కొత్త సెట్ ధరలో సగానికీ, ఇంకా తక్కువకీ దొరుకుతాయి. ఐరన్ ముఖం మీది గీతల అంచులు గోటితో తడిమి చూడు, మరీ నున్నబడిపోయి ఉండకూడదు. షాఫ్టు తలలో దిగే చోట పగుళ్ళున్నాయేమో చూడు. గ్రిప్పులు అరిగితే మార్పించుకోవచ్చు, దానికి భయపడకు. సరికొత్త మోడల్ సగం ధరకే ఇస్తామని ముక్కూ మొహం తెలియనివాడు ఆన్‌లైన్‌లో పెడితే కొనకు. ఈ సామానులో నకిలీలు చాలా ఎక్కువ. పింగ్ వాళ్ళ ఐరన్లకి మెడ మీద సీరియల్ నంబరు ఉంటుంది. అది చెబితే అసలు ఏ కొలతలతో తయారైందో కంపెనీవాళ్ళే చెబుతారు.

చాపల మీద చిన్న బకెట్‌కి మించి కొట్టకు. మోచేతి దగ్గర నొప్పి మొదలైతే ఆ రోజే ఆపి నాకు ఫోన్ చెయ్యి. నవ్వుకోకు, నిజంగా చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

బ్లేడ్లు ఆర్డర్ పెట్టేసి ఉంటే ఇవాళే క్యాన్సిల్ చేయించు. ఈ శనివారం షాపుకి వెళ్ళి మూడు రకాల 7 నంబర్లు కొట్టి, ఏవి బాగున్నాయో పేర్లూ లాఫ్టులూ రాసి పంపు. ఎవరో వాడిన సెట్ నచ్చితే తలల ఫోటోలు ముందూ వెనకా తీసి బాబాయికి పెట్టు, ఆయన చూస్తానన్నారు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. గోల్ఫ్ మానమని మాత్రం నీకు చెప్పనని నిన్ననే తనతో అనేశాను.

ప్రేమతో
మీ పిన్ని